తలకు కట్టిన ఫోను

కూతురు త్రివేణి చేతిలోంచి ఫోను గుంజుకుని సత్తవ్వ బియ్యం డబ్బాలో వేసింది. మూత బిగించింది. మూత మీద తనే ఎక్కి కూర్చుంది.

"ఇగ నీ పరుగు అయ్యేదాంక గిది బయటికి రాదు."

"అవ్వా, దాంట్ల మా పరుగు గ్రూపున్నది. పరుగు నేర్పే శ్రీధర్ సారు ఎప్పుడు రమ్మంటడో నాకెట్ల తెలుస్తది?"

"నిద్రెట్ల రావాలె, గది జెప్పిండా మీ శ్రీధర్ సారు?"

ఆ పిల్ల కళ్ళ కింద చర్మం నల్లబడి ఉబ్బింది. పోలీసు ఉద్యోగానికి మొదటి రాత పరీక్ష గట్టెక్కింది. ఇక నిజామాబాద్ గ్రౌండులో పరుగు, ఇంకో పది రోజులకు, సోమవారం. అది తప్పితే ఏడాది చదువూ బూడిదలో పోసినట్టే. నిన్న పొద్దున బోధన్ గ్రౌండులో రెండో చుట్టు తిరుగుతూ గుండె పట్టుకుని కూలబడింది. రాత్రి కళ్ళు మూస్తే గుండె దడదడ కొట్టుకుంటుందట. తెల్లారితే తలనొప్పి, వాంతి వచ్చినట్టు.

పెద్దోళ్ళ ఇళ్ళలో నిద్ర పట్టకపోతే దాన్ని రోగమంటారు, దవాఖానకు తీసుకుపోతారు. బీడీలు చేసే ఇంట్లో నిద్ర పట్టకపోతే ఇంకో నాలుగు కట్టలు ఎక్కువ అవుతాయని సంతోషపడతారు. సత్తవ్వ అట్లా సంతోషపడే రకం కాదు. బిడ్డ నిద్రను ఎవరో ఎత్తుకుపోయారు, ఆ దొంగను పట్టుకోవాలి. పట్టుకున్నానని నమ్మింది కూడా. దొంగ ఇప్పుడు బియ్యం డబ్బాలో ఉన్నాడు.

పక్కింటి లక్ష్మవ్వ తన బీడీల చాట పట్టుకుని వచ్చి గడప దగ్గర చతికిలబడింది. చలికాలం, బయట కూర్చుంటే గాలికి ఆకు పెళుసెక్కుతుంది. అందుకని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు సత్తవ్వ ఒంటి గదిలోనే కూర్చుని చేస్తారు. రాత పరీక్ష అయిపోయినప్పటి నుంచి త్రివేణి కూడా తల్లి పక్కన చాట వేసుకుని కూర్చుంటోంది.

"ఫోన్ల తప్పేమున్నదే సత్తవ్వా? మీ ఆయన రామ్‌దాస్ ఛాతి మీద ఫోను పాటలు పాడుతుంటది, ఆయన గురక పెడుతుంటడు" అంది లక్ష్మవ్వ.

"ఆయన ముచ్చట అడ్గకు. చెరుకు లోడు ఎత్తొచ్చినోనికి పీనుగకు ఫరక్ ఉంటదా? వాకిట్ల మంచం మీద పడ్డడంటే కుక్క అరిసినా లేవడు. ఇది లేత దిమాకు. ఫోనుల కెళ్ళి ఏదో కిరణమచ్చి లోపల సొస్తదట."

"ఎవలు జెప్పిన్రు?"

"అందరు జెప్తరు."

మాట్లాడుతూనే ఉన్నా చేతులు ఆగలేదు. తడిగుడ్డలోంచి తునికాకు తీయడం, రేకు అచ్చు పెట్టి కత్తెరతో చుట్టూ కోయడం, చిటికెడు తంబాకు ఆకు నడుమ పరచడం, బొటనవేళ్ళతో చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. లక్ష్మవ్వ నోరెంత జోరుగా నడిస్తే వేళ్ళు అంత జోరుగా నడుస్తాయి.

అప్పుడే మేరీ వచ్చింది. ఆ వాడకట్టులోనే ఉంటుంది, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో సౌందర్య డాక్టరమ్మ దగ్గర ఆయా. సంగతి విని నవ్వింది.

"సత్తవ్వక్కా, మా మేడమ్ గదే పరీక్ష చేస్తుంది. రాత్రి మనిషిని పండవెట్టి, తలకు ఫోను గట్టి, దిమాకు ఏమంటుందో మిషన్ల సూస్తది. ఆడోళ్ళు దొరుకుతలేరు. నువ్వస్తవా?"

సత్తవ్వ డబ్బా మీది నుంచి దిగ్గున లేచింది. "నా తలకే గట్టమను! గవర్నమెంటు కాయితం మీద రాసియ్యమను, ఫోను నిద్ర జెడగొడ్తదని. గోడకు అంటిస్త."

"ఆగాగు. కొన్ని అడుగుతరు. నిద్ర గోలీలు మింగుతవా?"

"లేదు."

"కల్లు?"

"పండుగకు. దేవుని పేరు మీద."

"తంబాకు? బీడీ, గుట్కా?"

"థూ! నా నోట్లె ఎన్నడన్న సూసినవా?" అంది సత్తవ్వ, ఎడమ చేతిలోని ఆకులో తంబాకు సర్దుతూ.

"నేను గూడ అస్త తోడు" అంది లక్ష్మవ్వ. "దిమాకు ఎట్లుంటదో జెర సూద్దాం. నీకున్నదో లేదో గూడ తెలుస్తది."

*

మర్నాడు సాయంత్రం దాకా బీడీలు చేసి, అదే చీరతో బస్సెక్కింది సత్తవ్వ. చెరుకు ట్రాక్టర్లు దారి పొడుగునా అడ్డం. ఒక్కొక్కటి ఇల్లంత లోడు వేసుకుని పాకుతోంది. ట్రాక్టరు కనిపించినప్పుడల్లా రామ్‌దాస్ దాని మీద ఉన్నాడేమోనని లక్ష్మవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది.

సౌందర్య డాక్టరమ్మ వయసులో చిన్నది. పొట్టి జుట్టు, మెడలో ఏమీ లేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"చూడమ్మా, మీరు రెండు రాత్రులు పడుకోవాలి. ఒక రాత్రి ఫోన్లోంచి తరంగాలు వస్తాయి, ఒక రాత్రి రావు. ఏ రాత్రి ఏదో మీకు తెలియదు. నాకూ తెలియదు. కంప్యూటరుకే తెలుసు."

"గదెట్లమ్మ? డాక్టరువు, నీకు గూడ తెల్వదా?"

"నాకు తెలిస్తే నా మొహం చూసి మీరు కనిపెడతారు."

సత్తవ్వకు ఆ మాట నచ్చింది. ఈమె మోసం చేసే మనిషి కాదనుకుంది. ప్రశాంత్ అనే కుర్ర డాక్టరు పరీక్షకని ఒక గిన్నెలో సత్తవ్వ ఉమ్మి పట్టాడు. మేరీ ఆమె నెత్తి మీద పాయలు తీసి, చల్లటి జిగురు రాసి, ఒక్కో బిళ్ళా అతికించింది. వైర్లన్నీ కలిపి వెనక జడలా కట్టింది. కుడి చెవికి ఆనించి నల్లటి డబ్బా లాంటి ఫోను పట్టీతో బిగించింది. దానికి వెలుగు లేదు, చప్పుడు లేదు.

"ఒకసారి కళ్ళు ఆర్పండి" అన్నాడు ప్రశాంత్.

తెర మీద గీతలు ఎగిరి పడ్డాయి. లక్ష్మవ్వ కేక పెట్టింది. "ఓ యవ్వా! ఉన్నదే నీకు దిమాకు!"

"గదంత నాదేనా?" సత్తవ్వ పక్కకు తిరిగి చూసింది. తిరిగితే గీతలు ఇంకా అల్లుకుపోయాయి. పళ్ళు కొరికితే గుబురుగా అయ్యాయి. కళ్ళు మూసుకుని ఊరుకుంటే అలలలా నెమ్మదించాయి. మళ్ళీ ఆర్పింది, మళ్ళీ కొరికింది. చిన్నపిల్ల బుడగను ఊది ఆడుకున్నట్టు తన తలతో తాను ఆడుకుంది. నలభై మూడేళ్ళుగా ఈ తలలో ఏమున్నదని అడిగిన మనిషి లేడు. ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు కళ్ళార్పకుండా చూస్తున్నారు.

"గంత లొల్లి పెడుతుందా లోపల!"

ఆ రాత్రి ఆమెకు నిద్ర రాలేదు. దొర్లింది. గుండె కొట్టుకోవడం చెవిలో వినపడింది. పొద్దున ప్రశాంత్ బిళ్ళలు తీస్తుంటే గట్టిగా చెప్పింది.

"రాత్రి ఫోను నడిసింది సారూ. నాకెర్కే. ఈ పక్క కణత సుర్రున కాలింది. మిషన్ల సూస్కోండ్రి, పొగ గూడ కనవడ్తది."

*

ఇంటికి వచ్చేసరికి ఆకు లేదు. ఆకూ తంబాకూ తూచి ఇచ్చే టేకేదారు లింబయ్య దుకాణం ముందు ఆడవాళ్ళు ఖాళీ బుట్టలతో నిలబడి తిడుతున్నారు. లారీ రాలేదు, ఎప్పుడొస్తుందో కంపెనీ చెప్పలేదన్నాడు లింబయ్య. ఆకు రాకపోతే తంబాకు కూడా ఇవ్వడు. పని లేక వాడకట్టంతా పేలు చూసుకుంటూ కూర్చుంది.

ఆ రాత్రి త్రివేణి నిద్రపోయింది.

మర్నాడు రాత్రి కూడా నిద్రపోయింది. పొద్దున లేచి తల్లిని లేపింది. "అవ్వా, గ్రౌండుకు పోతున్న." తిరిగి వచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది. చెమట కారుతోంది, రొప్పు లేదు. "అందరికన్న ముందు వచ్చిన! సారు ఏమన్నడో ఎర్కేనా? త్రివేణీ, సోమవారం గిట్లనే ఉరుకు, ఇగ నీకు పోలీసు టోపీ వెట్టుడే అన్నడు!"

సత్తవ్వ అక్కడ నిలబడలేకపోయింది. కొంగు నడుముకు చెక్కి వాడకట్టులోకి ఉరికింది. ఇంటింటికీ పోయి చెప్పింది. ఫోను తీసేసిన, పొల్ల పండుకున్నది. పండుకున్నది, ఉరికింది. ఉరికింది, ఫస్టొచ్చింది! ఆమె మాట విని ఇద్దరు తల్లులు పిల్లల ఫోన్లు గుంజుకున్నారు. ఒక కుర్రాడు ఏడ్చుకుంటూ పోతూ సత్తవ్వ వాకిట్లో రాయి విసిరిపోయాడు. లక్ష్మవ్వ కూడా ఓడిపోయినట్టు తల ఊపింది. "నువ్వే డాక్టరువైతివి పో."

రెండో రాత్రి పరీక్షకు సత్తవ్వ పెళ్ళికి పోయినట్టు పోయింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టి. మేరీ బిళ్ళలు అతికించడం పూర్తి కాకముందే ఆవలింతలు. పొద్దున భుజం తట్టి లేపాల్సి వచ్చింది.

"ఇయ్యాల ఫోను బంద్ ఉండె" అంది కళ్ళు నులుముకుంటూ. "పసిపిల్లోలె పండుకున్న. రాసుకో సారూ."

*

ఆ రోజే లారీ వచ్చింది. పోయిన రోజులకు కూడా కలిపి చేయమని లింబయ్య ఒక్కొక్కరికి రెట్టింపు ఆకు తూచాడు. సత్తవ్వ, త్రివేణి పొద్దుగూకేదాకా వంగి చేశారు. తంబాకు సంచి గదిలో నడుమ. దుమ్ము లేచి దీపం చుట్టూ ఆడింది. కోసిన ఆకు పొద్దుటికి మెత్తగా ఉండాలంటే తడిగుడ్డలో చుట్టి, దాని మీద గోనెపట్టా కప్పి, గాలి సోకని చోట పెట్టాలి. వాకిట్లో పెడితే మేకలు, మూలన పెడితే ఎలుకలు. అందుకని అందరూ పెట్టుకునే చోటే పెట్టుకున్నారు, తలాపున, దిండ్ల పక్కనే. తంబాకు సంచీ అక్కడే. తలుపు మూశారు, కిటికీకి చలి రాకుండా బొంత అడ్డం కట్టారు.

పొద్దున లేచేసరికి త్రివేణి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"పండుకోలేదా?"

"గుండె మల్ల కొట్టుకుంటుందవ్వా."

సత్తవ్వ బియ్యం డబ్బా మూత తీసి చూసింది. ఫోను బియ్యంలో అట్లాగే ఉంది. మరి? ఒక్కటే దారి. ఈ పోరి దగ్గర ఇంకో ఫోను ఉంది. ఎవడో ఇచ్చి ఉంటాడు. బొంతలు దులిపింది. త్రివేణి సంచి బోర్లించింది. పరుగు బూట్లు, నీళ్ళ సీసా, పుస్తకాలు. దిండు కుట్లు విప్పి దూది లాగింది.

త్రివేణి కదలకుండా చూసింది. చివరికి అంది: "ఇగ నా తలకాయ ఒక్కటే మిగిలింది. కోసి సూడు, దాంట్ల ఉన్నదేమో."

సత్తవ్వ చెయ్యెత్తింది. పిల్ల తప్పుకోలేదు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండగా గడపలో మేరీ గొంతు వినిపించింది.

"అక్కా, మేడమ్ నిన్ను ఇయ్యాలే రమ్మన్నది. ఏమో, జెర గరం మీదున్నరు."

*

గరం మీద ఉన్నది డాక్టరమ్మ కాదు, ప్రశాంత్. లోపలికి వచ్చీ రాకముందే మొదలుపెట్టాడు.

"అబద్ధం ఎందుకు చెప్పారమ్మా? మీ ఉమ్మిలో తంబాకు మందు ఎంత ఉందో తెలుసా? రోజూ బీడీ తాగేవాళ్ళలో ఉన్నట్టుంది! మా రెండు రాత్రుల కష్టం వేస్టు."

తోడు వచ్చిన లక్ష్మవ్వ నోరు తెరుచుకుంది. "సత్తవ్వా! దొంగతనంగ తాగుతవా?"

సత్తవ్వ మొహం కందగడ్డ అయ్యింది. "నా బిడ్డ మీద ఒట్టు. ఈ నోటితోని ఒక్క బీడీ ముట్టుకోలె. తాగినోళ్ళకు చేసిచ్చుడే గాని, దాని రుచి ఎట్లుంటదో నాకు తెల్వదు. నా నోరు వాసన సూడు సారూ! రా, సూడు!"

ప్రశాంత్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

మేరీ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. నోరు కాదు, అరచెయ్యి ఎత్తి వాసన చూసింది. "మేడమ్, మా అవ్వ చేతులు గూడ గిట్లనే ఉంటుండె. ఎంత తోమినా పోకపోతుండె. ఈమె బీడీలు చేస్తది."

డాక్టరమ్మ లేచి వచ్చింది. ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. బొటనవేళ్ళ కొసలు పచ్చగా మాగి, గోళ్ళ సందుల్లో గోధుమరంగు పట్టి ఉంది.

"ఈ మాట మనం అడగలేదు ప్రశాంత్. తాగుతారా, నములుతారా అని అడిగాం. పట్టుకుంటారా అని అడగలేదు. నిజామాబాద్‌లో ఉండి అడగలేదు." తర్వాత సత్తవ్వ వైపు తిరిగింది. "మొదటి రాత్రి వచ్చిన రోజు బీడీలు చేశారా?"

"పొద్దంత చేసి అచ్చిన."

"రెండోసారి?"

"అప్పుడు ఆకెక్కడిది? లారీ రాలె."

"మీరు ఇక మా పరీక్షలో ఉండరు కాబట్టి చెప్పొచ్చు." డాక్టరమ్మ కంప్యూటర్లో ఏదో తెరిచి చూసింది. "మీకు నిద్రపట్టని రాత్రి ఫోను బంద్ ఉంది. పసిపిల్లలా పడుకున్న రాత్రే ఫోను నడిచింది. తెల్లవార్లూ."

లక్ష్మవ్వ నవ్వబోయి, సత్తవ్వ మొహం చూసి ఆగిపోయింది.

"మరి కణత కాలె గదమ్మా?"

"కాలుతుందనుకున్నారు, కాలింది."

"అయితే ఫోను ఏం జెయ్యదా?"

"అట్లా కూడా అనలేను. ఇంతకు ముందు ముగిసిన పరీక్షల్లో కొందరికి నిద్రలో అలలు కొంచెం మారాయి. కానీ నిద్ర చెడినట్టు నాకైతే ఇప్పటిదాకా కనపడలేదు. ఇంకా చూడాలి." సత్తవ్వ బొటనవేలి వైపు చూపించింది. "తంబాకు సంగతి వేరు. అది చర్మంలోంచి పోతుంది, దుమ్ములో ముక్కులోంచి పోతుంది. గుండెను ఉరికిస్తుంది, నిద్రను ఆపుతుంది. మీకు అలవాటైపోయి తెలియడం లేదు. కొత్తగా పని పట్టినవాళ్ళకు ఎక్కువ తెలుస్తుంది. రాత్రి అదంతా ఎక్కడ పెడతారు?"

ఫోను వెతకడానికి విప్పిన దిండు ఎక్కడ ఉంటుందో, దాని అవతల చెయ్యి చాపితే తగిలేది ఏమిటో సత్తవ్వకు కనిపిస్తోంది. లారీ రాని రోజులు కనిపిస్తున్నాయి. లారీ వచ్చిన రాత్రి కనిపిస్తోంది.

"మీ రెండు రాత్రులు మా లెక్కలోకి రావమ్మా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు ప్రశాంత్, గొంతు తగ్గించి.

"నీ లెక్కలకు రాకపోతే రాకపాయె సారూ" అంది సత్తవ్వ లేస్తూ. "నాకు పనికచ్చినయి."

గోడకు ఆనించిన ఆ మిషన్ ఖరీదు చెబితే వాడకట్టు మొత్తం గుండె ఆగుతుంది. ఫోను తలలో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దేశదేశాల డాక్టర్లు రాత్రులు మేలుకుంటున్నారు. మేలుకోనీ. బీడీ చేసే ఆడదాని తలాపున ఏముందని మాత్రం ఒక్కడూ గిన్నె పట్టుకుని రాలేదు. ఇప్పుడు వచ్చింది కూడా పొరపాటున.

*

బస్సు దిగి సత్తవ్వ నడవలేదు, ఉరికింది. లక్ష్మవ్వ వెనక రొప్పుతూ, "ఆగే, పరుగు నీకా నీ బిడ్డకా?" అని కేకలేసింది.

ఇంట్లోకి పోయి గోనెపట్టా, తడి ఆకు, తంబాకు సంచి, చేసిన కట్టలు, చాట, అన్నీ బుట్టలోకి ఎత్తింది. త్రివేణి, "అవ్వా, ఏమైంది?" అంటూ వెంటపడింది.

"ముట్టకు! నువ్వు దూరమే ఉండు!"

"వాకిట్ల వెడ్తవా?" అంది లక్ష్మవ్వ. "ఆకు ఎండిపోతది. లింబయ్య సగం బీడీలు ఏరి పారేస్తడు."

"ఎందుకు వెడ్త వాకిట్ల?"

బుట్ట నెత్తికెత్తుకుని నేరుగా లింబయ్య దుకాణానికి పోయింది. తక్కెడ ముందు దించింది. ఆడవాళ్ళు పక్కకు జరిగారు.

"పరుగు అయ్యేదాంక నాకు ఆకద్దు."

లింబయ్య కళ్ళద్దాలు పైకి నెట్టాడు. "ఏందే? నిన్ననే రెట్టింపు ఆకిచ్చిన గద? ఇడిసిపెడితే నీ ఆకు ఇంకోళ్ళకు పోతది, మల్ల అచ్చి ఏడ్వకు."

"పోనీ."

"కార్డు గూడ ఆగుతది."

కార్డు అంటే ముసలితనంలో వచ్చే పింఛను. అందరి కళ్ళూ సత్తవ్వ మీదే. ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, కొంగు వాసన చూసి వదిలేసింది.

"ఆగనీ అన్న. నా పొల్ల గుండె ఆగకపోతే సాలు."

ఆ సాయంత్రం ఇల్లు కడిగింది. రామ్‌దాస్ చెరుకు లోడు దించి వచ్చేసరికి మంచాలు, బొంతలు, గిన్నెలు అన్నీ వాకిట్లో. తల్లి గోడలు తోముతుంటే బిడ్డ నీళ్ళు చల్లుతోంది. ఇద్దరూ మోకాళ్ళ దాకా తడిసి నవ్వుకుంటున్నారు.

"ఇల్లు అమ్మినవా ఏందే?" అన్నాడు రామ్‌దాస్.

"నువ్వు వాకిట్ల పండుకుని బతికిపోయినవ్ లే. బొంత అటు పట్టు, పిండాలె."

కిటికీకి కట్టిన బొంత పీకేసింది. చలిగాలి లోపలికి వచ్చి, తడి మట్టి వాసన ఎత్తుకుని తలుపులోంచి బయటికి పోయింది. బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, పిండి అంటుకుంటే చీరకు తుడిచి, త్రివేణి దిండు పక్కన పెట్టింది.

"ఫోను కాదా అవ్వా మరి?"

"కాదట."

"మరేంది?"

"నీకు నేను తర్వాత జెప్త. పండుకో."

*

ఆదివారం పగలు ఎండ గదిలో సగం దాకా వచ్చి పరుచుకుంది. పరుగు రేపే. త్రివేణి పొద్దున గ్రౌండులో కాళ్ళు సాగదీసి వచ్చి, రెండు జొన్నరొట్టెలు తిని, అట్లా ఒరిగింది. ఒరిగింది ఒరిగినట్టే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, ఒక కాలు బొంత బయట. సత్తవ్వ గడపలో ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. చేతులకు ఏం చేయాలో తెలియక అప్పుడప్పుడు బొటనవేళ్ళు వాటంతట అవే ఆకు చుడుతున్నట్టు కదులుతున్నాయి.

లక్ష్మవ్వ వచ్చింది. చాట లేదు. గొంతు తగ్గించి అడిగింది.

"మా మనుమడు రాత్రంత ఏడుస్తడు గదనే. దిష్టని మిరపకాయలు తిప్పేస్తి. నా బుట్ట వాడి ఉయ్యాల కిందనే ఉంటది. ఏం జెయ్యమంటవే? నేను నీ లెక్క ఆకు తిప్పియ్యలేను, నా కొడుకు తాగుబోతు."

"ముందుగాల ఉయ్యాలన్న జరుపు. తర్వాత అందరం గల్సి లింబయ్యను అడుగుదాం. అందరం కూసుని చేసుటానికి ఒక అర్ర ఇయ్యమందాం, ఇంట్ల గాకుండ. ఇయ్యడు. అయినా అడుగుదాం."

లక్ష్మవ్వ లేవబోయింది. త్రివేణి దిండు పక్కన ఫోను మోగింది. గట్టిగా, వణుకుతూ, చాప మీద జరుగుతూ మోగింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఉలిక్కిపడ్డారు. త్రివేణి రెప్ప కూడా కదల్లేదు. ఫోను చెవికి బెత్తెడు దూరంలో మొత్తుకుంటోంది, పిల్ల ఊపిరి నిండుగా లేస్తోంది, పడుతోంది.

సత్తవ్వ మోకాళ్ళ మీద పాకి పోయి ఫోను అందుకుంది. పచ్చగా ఉన్నదాన్ని నొక్కి తన చెవికి పెట్టుకుంది.

"త్రివేణీ, శ్రీధర్ సార్‌ను. రేపు టైం మారింది. జల్ది మాట్లాడాలె."

"నేను దాని అవ్వను సారూ. పొల్ల పండుకున్నది."

"జెర లేపమ్మా, అర్జంటు."

"నాకు జెప్పు సారూ, ఒక్క ముక్క వోకుండ జెప్త. ఇంకా ముందుగాల రమ్మన్నా తోలుకొస్త, బస్సు లేకపోతే నడిపిచ్చుకొస్త." సత్తవ్వ బిడ్డ వైపు చూసింది, గొంతు ఇంకా తగ్గించింది. "లేపమని మాత్రం అనకు."